పరుల కొరకు నేర్చిన విద్య: పండిత రమాబాయి జీవితము

భారతదేశ క్రైస్తవ సంఘములో పండిత రమాబాయి పేరు వినని కుటుంబము అరుదు. కేడ్‌గావ్‌లో ఆమె స్థాపించిన ముక్తి సదనమును గూర్చియు, కరవు కాలములో ఆమె చేరదీసిన అనాథలను గూర్చియు ఆదివార పాఠశాలలలో పిల్లలు సయితము వినియున్నారు. అయితే ఆమె జీవితమంతయు ఒక విద్యార్థిని జీవితమను సంగతి అంతగా చెప్పబడలేదు. ఎనిమిదేండ్ల వయస్సున సంస్కృత వ్యాకరణముతో మొదలుపెట్టి, అరువది దాటిన తరువాత హెబ్రీ, గ్రీకు మూలములను ముందుంచుకొని కూర్చుండు వరకు ఆమె ఏదో ఒకటి నేర్చుకొనుచునే యుండెను. ఆ నేర్పు ఎవరి కొరకు అను ప్రశ్నకు మాత్రము ఆమె జవాబు కాలక్రమమున మారుచు వచ్చినది.

1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల అరణ్యమందు రమాబాయి జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు, ఆచారపరాయణుడు. ఆయన ఒక్క విషయములో మాత్రము తనవారితో ఏకీభవింపలేదు. ఆయన గురువు పీష్వా బాజీరావు భార్యకు సంస్కృతము నేర్పుచుండగా బాలుడైన అనంతశాస్త్రి కన్నులార చూచెను. ఆడువారికి చదువు రాదనుట అబద్ధమని ఆనాడే ఆయన మనస్సున నాటుకొనెను. మొదటి భార్యకు నేర్పబోగా ఇంటివారు పడనీయలేదు. ఆమె గతించిన తరువాత వివాహమాడిన లక్ష్మీబాయికి పట్టుదలతో నేర్పెను. దీనికై ఆయన ఉడిపిలో పండితుల సభ యెదుట నిలువవలసి వచ్చెను. స్త్రీలకు సంస్కృత కావ్య పురాణములు నేర్పుట శాస్త్రవిరుద్ధము కాదని గ్రంథములు చూపి వాదించి ఆయన బయటపడెను. అయినను ఇరుగుపొరుగువారి ఎత్తిపొడుపులు మానలేదు. అందుచేతనే ఆయన కాపురమును అడవిలోనికి మార్చెను.

రమాబాయి పుట్టిన ఆరు నెలలకే ఆ అడవి ఇల్లును విడువవలసి వచ్చెను. అతిథులకు పెట్టి పెట్టి ఆస్తి కరిగిపోయినది. పసిబిడ్డను వెదురు బుట్టలో ఉంచి మనిషి తలపై పెట్టి కొండ దింపిరి. ఆ దినము మొదలు ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, గుడి మండపములలో పురాణము చదివి, విన్నవారు ఇచ్చినది తీసికొని బ్రతికినది. తండ్రి వృద్ధుడగుటచేత రమాబాయికి చదువు చెప్పినది తల్లియే. ఇంటి పనులన్నియు తలమీద వేసికొని తిరుగు ఆ తల్లి తెల్లవారుజామున, పిల్లకు ఇంకను నిద్రమత్తు తీరకముందే ఒడిలోనికి తీసికొని పాఠము వల్లె వేయించెడిది. పన్నెండేండ్లు నిండునప్పటికి భాగవతములోని పదునెనిమిది వేల శ్లోకములు రమాబాయికి కంఠస్థమైనవని ఆమె జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. పుస్తకము లేకుండ మూడు నాలుగు భాషలలో మాటలాడ నేర్చినది కూడ ఈ తిరుగుళ్లలోనే.

ఆనాటి ఆ విద్య యొక్క గమ్యమేది? పుణ్యము. విన్నవారికి పుణ్యము, చదివినవారికి పుణ్యము. దానికి మించి వేరొక ఉపయోగమును వారు ఆశింపలేదు. ఈ సంగతిని కరవు బయటపెట్టెను.

1874 మొదలు మద్రాసు రాజధానిలో వర్షములు తప్పి కరవు నానాటికి ముదిరెను. పురాణము వినువారు లేరు, పెట్టువారు లేరు. పాత్రలు, నగలు, వస్త్రములు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయెను. కుటుంబములో అందరును పండితులే, ఒక్కరికైనను చేతిపని రాదు. కూలికి వెళ్లుటకు కులగౌరవము అడ్డుపడెను, బిచ్చమెత్తుటకు అభిమానము అడ్డుపడెను. ఉన్న ధనమును దానముల క్రింద, వ్రతముల క్రింద ఖర్చు చేసి దేవతల కటాక్షమునకై వేచియుండిరి. చివరకు తిరుపతి కొండల అడవిలో పదునొకండు దినములు నీళ్లు, ఆకులు, పిడికెడు అడవి ఈతపండ్లతో గడిపిరి. వృద్ధుడైన తండ్రి పవిత్ర జలములలో ప్రాణము విడువ నిశ్చయించుకొనెను. ఎట్టి హీనమైన పనియైనను చేసి మిమ్మును పోషింతునని కుమారుడు శ్రీనివాసుడు మొదటిసారిగా నోరు విప్పుటచేత ఆ తలంపు ఆగెను. కాని ఆలస్యమైపోయినది. అడవి దాటి ఒక గ్రామము చేరిన కొలది దినములకే ఆయన కన్నుమూసెను. మోయుటకు మనుష్యులు దొరకక, కొడుకు ఒక్కడే ఆ దేహమును గుడ్డలో చుట్టి మోసికొనిపోయి పూడ్చిపెట్టెను.

కొలది వారములకు నిజాము రాజ్యములోని రాయచూరులో తల్లియు మరణించెను. శవము మోయుటకు ముందు ఎవరును రాలేదు. కడకు ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చిరి. నాలుగవ భుజము రమాబాయిదే. ఆమె పొట్టిది, పాడె కొమ్ము భుజమునకు అందదు. కావున తలపై మోసెను. శ్మశానము మూడు మైళ్ల దూరము. అటు తరువాత అక్క కృష్ణాబాయియు పోయినది. మిగిలినది అన్నాచెల్లెండ్రు ఇద్దరు.

ఈ ఘట్టమును త్వరగా దాటిపోరాదు. తరువాతి కాలమున ముక్తిలో ఏ బాలికయైనను అక్షరములతోపాటు ఒక చేతిపని నేర్వనిదే బయటికి పోరాదని రమాబాయి ఎందుకు పట్టుపట్టెనో ఇక్కడ తెలియును. తన వారందరు చదువు లేక చనిపోలేదు, చదువొక్కటే యుండి చనిపోయిరి. ఆ చదువును ఇంకొకరి ఆకలికిగాని, తమ ఆకలికిగాని జతచేయు దారి వారికి ఎవరును చూపలేదు.

అన్నాచెల్లెండ్రు నాలుగు వేల మైళ్లకు పైగా కాలినడకన తిరిగిరి. దక్షిణము విడిచి ఉత్తరమున కాశ్మీరము వరకు పోయిరి. కప్పుకొనుటకు గుడ్డ లేక, జీలం నది ఒడ్డున సమాధులవంటి గోతులు త్రవ్వుకొని, మెడవరకు ఇసుక కప్పుకొని చలిరాత్రులు గడిపిరి. పూజించిన దేవతలపై నమ్మకము ఆ దారిలోనే సడలినది. 1878లో కలకత్తా చేరునప్పటికి ఆమెకు ఇరువది యేండ్లు. అక్కడి పండితులు ఆమెను పరీక్షించి ఆశ్చర్యపడి పండిత అనియు, సరస్వతి అనియు బిరుదములిచ్చిరి. భిక్షకురాలివలె వచ్చిన యువతి ఒక్క వారములో దేశప్రసిద్ధురాలాయెను.

అంతటితో తృప్తిపడియున్నయెడల ఆమె కథ ఒక వింతగా మిగిలిపోయియుండెడిది. స్త్రీల ధర్మములను గూర్చి అంతఃపుర స్త్రీలకు ఉపన్యసింపుమని పండితులు కోరిరి. అందుకొరకు ధర్మశాస్త్రములను శ్రద్ధగా చదువబూనెను. పరులకు బోధించుటకై చదివినప్పుడు ఆమెకు కనబడినది వేరు. ఒకదానితో ఒకటి పొసగని ఆ గ్రంథములు స్త్రీని, శూద్రుని తక్కువచేయుటలో మాత్రము ఏకమగుచున్నవని ఆమె గ్రహించెను. కేశవచంద్రసేనుడు వేదము చదువుమని ప్రతిని చేతికిచ్చినప్పుడు, తాను స్త్రీనని మొదట సంశయించెను, తరువాత చదివెను. తాను ఎవరికి బోధింపవలెనో వారికి తన విద్యలో చోటు లేదను ఎరుక ఆమె మనశ్శాంతిని హరించెను.

1880లో అన్న శ్రీనివాసుడు ఢాకాలో మరణించెను. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని వివాహమాడెను. ఆయన బ్రాహ్మణుడు కాడు. ఆ పెండ్లి ఇరువైపులవారికిని దుస్సహమాయెను. 1881 ఏప్రిల్‌లో కుమార్తె మనోరమ పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో మరణించెను. ఇరువది నాలుగేండ్లు నిండకమునుపే ఆమె వితంతువు. భర్త గ్రంథములలో దొరికిన బెంగాలీ లూకా సువార్త ఒక్కటి ఆమెతో మిగిలినది. సిల్చారులో ఒక బాప్టిస్టు మిషనరీ ఆదికాండములోని సృష్టి వృత్తాంతము వివరింపగా విని సంతోషించెను గాని, ఇంకను విశ్వాసి కాలేదు.

పసిబిడ్డతో పూనా చేరి, ఆర్య మహిళా సమాజమును స్థాపించి, స్త్రీల కొరకు స్త్రీ ధర్మ నీతి అను మరాఠీ పుస్తకమును వ్రాసెను. అదే సంవత్సరము ప్రభుత్వము నియమించిన హంటరు విద్యా సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. మనదేశములో ఆడపిల్లలకు ఆడ ఉపాధ్యాయులు కావలెననియు, పురుష వైద్యునికి చేయి చూపించుటకు సిగ్గుపడి వేలాది స్త్రీలు చనిపోవుచున్నారు గనుక ఆడ వైద్యులు కావలెననియు ఆమె చెప్పెను. చెప్పి ఊరకుండలేదు. తానే వైద్యము నేర్వ నిశ్చయించుకొని, పుస్తకము అమ్మగా వచ్చిన సొమ్ముతో 1883లో ఇంగ్లండు బయలుదేరెను. ఒక వితంతువు, రెండేండ్ల బిడ్డ, తోడుగా ఒక స్నేహితురాలు. చేత సిఫారసు లేదు, ఇంగ్లీషు సరిగా రాదు.

వాంటేజ్‌లో సెయింట్ మేరీ సహోదరీల మఠములో వారికి ఆశ్రయము దొరికెను. ఆ సహోదరీలు లండనులోని ఫుల్హామునకు ఆమెను తీసికొనిపోయి, పతితలైన స్త్రీలను ఆదరించు గృహమును చూపిరి. ఆమె చూచి నివ్వెరపోయెను. ఆమె చదివిన శాస్త్రములు అట్టి స్త్రీలకు శిక్షనే విధించినవి. ఇచ్చట వారికి పరిచర్య చేయుచున్నారు, ప్రేమించుచున్నారు. ఇది ఎక్కడనుండి వచ్చినదని అడుగగా, యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో యేసుప్రభువు సమరయ స్త్రీతో మాటలాడిన సంగతిని ఒక సహోదరి వివరించి చెప్పెను. క్రీస్తు స్త్రీని పైకెత్తువాడని ఆమె తెలిసికొన్నది అప్పుడే. 1883 సెప్టెంబరు 29వ తేదీన తల్లియు, కుమార్తెయు బాప్తిస్మము పొందిరి. దానికి కొంచెము ముందుగా స్నేహితురాలు అతి విషాదకరముగా మరణించియుండెను. ఆ సంతోషము కన్నీళ్ల నడుమ వచ్చినది.

బాప్తిస్మముతో ఆమె స్వాతంత్ర్యము ముగియలేదు. మతగురువులు చెప్పిన ప్రతిదానిని విచారింపక ఒప్పుకొనుటకు ఆమె సిద్ధపడలేదు. ధరించు సిలువపై లాటిను మాటలెందుకు, సంస్కృతము తక్కువైనదా యని అడిగెను. మాంసము ముట్టలేదు, చీర విడువలేదు. ఆమెను ప్రేమించిన సహోదరీలకే ఇది గర్వమని తోచెను. గర్వము బొత్తిగా లేదనుట సత్యము కాదు. అయితే ఒక అధికారమును విడిచి వచ్చినది మరియొక అధికారము క్రింద తలవంచుటకు కాదని ఆమె భావించుటలో న్యాయమున్నది.

అసలు దెబ్బ వేరొకచోట తగిలెను. ఆమెకు వినికిడి మందగించియుండెను. ఆ చెవులతో వైద్యవిద్య సాధ్యము కాదని తేలిపోయెను. ఏ ఉద్దేశముతో సముద్రము దాటెనో ఆ ద్వారమే మూయబడెను. స్వంత కీర్తి కొరకే వైద్యురాలు కాదలచినయెడల ఆమె అక్కడ కూలిపోయియుండవలెను. కాని ఆమె కోరినది బిరుదము కాదు, తన దేశపు స్త్రీలకు ఉపయోగపడుట. హంటరు సంఘముతో చెప్పిన రెండు కొరతలలో ఒకటి తనవలన తీరదు, రెండవది తీరును. ఉపాధ్యాయులకు ఉపాధ్యాయిని కావలెనని ఆమె తీర్మానించుకొనెను. చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలలో డొరోథియా బీల్ అను ప్రసిద్ధ విద్యావేత్త క్రింద సంస్కృతము బోధించుచు, గణితము, ప్రకృతి శాస్త్రము, ఆంగ్ల సాహిత్యము నేర్చుకొనెను. బోధించినది ఒక విషయము, నేర్చినవి మూడు.

1886లో దూరపు బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పొందు సమయమునకు రమాబాయి అమెరికా వెళ్లెను. తాను కాలేకపోయిన దానిని మరియొకతె అయినప్పుడు ఆమె అసూయపడక సంతోషించెను. ఆ ఆనందీబాయి మరుసటి సంవత్సరమే పూనాలో మరణించుట మనదేశమునకు పెద్ద నష్టము. కొన్ని నెలలుండి తిరిగిపోవలెనని వెళ్లిన రమాబాయి అమెరికాలో రెండేండ్లకు పైగా ఉండిపోయెను. ఫ్రోబెల్ అను జర్మనీ విద్యావేత్త కనిపెట్టిన శిశు విద్యా పద్ధతిని చూచి ముగ్ధురాలై, పసిపిల్లల పాఠశాలలో తానే విద్యార్థినిగా కూర్చుండి బొమ్మలతో, మట్టితో, పాటలతో చదువు చెప్పు విధము నేర్చెను. భాగవతమును కంఠస్థము చేసిన పండిత మట్టిబొమ్మల ముందు కూర్చుండుట కొందరికి నవ్వు పుట్టించియుండవచ్చును. ఆమెకు మాత్రము ముందున్న పని స్పష్టము. పదేండ్ల బాలవితంతువుకు శ్లోకములు ఉపయోగపడవు. చేతులు, కన్నులు ఉపయోగించి నేర్చుకొను పద్ధతి కావలెను.

1887లో అగ్రవర్ణ హిందూ స్త్రీల స్థితిని గూర్చి ఆంగ్లములో ఒక పుస్తకము వ్రాసి, అమెరికా నలుమూలలు తిరిగి ఉపన్యసించెను. పుస్తకము వేలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఆ సంవత్సరము డిసెంబరులో బోస్టను నగరమందు రమాబాయి సంఘము ఏర్పడి, పదేండ్లపాటు వితంతువుల పాఠశాలను పోషించుటకు మాట ఇచ్చెను. ఈ కాలములో మనోరమను వాంటేజ్ సహోదరీల యొద్దకు పంపవలసి వచ్చెను. ఇతరుల బిడ్డల కొరకు తిరుగు తల్లికి కన్నబిడ్డ ఎడబాటు చిన్న వెల కాదు. ఆ వెలను తల్లితోపాటు ఆ పసిపిల్లయు చెల్లించినది.

1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము ఆరంభమాయెను. మొదట చేరినవారు ఇద్దరు. వారిలో ఒకతె గోదూబాయి అను బాలవితంతువు. ఆమె అక్కడ చదువుకొని, 1893లో ధొండో కేశవ కర్వేను వివాహమాడి ఆనందీబాయి కర్వే ఆయెను. ఆ కర్వే 1896లో వితంతువుల ఆశ్రమమును, 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించెను. రమాబాయి నాటిన విత్తనము ఆమె ఆవరణము గోడలు దాటి, ఆమె మతమును కోరనివారి తోటలో కూడ మొలిచినది.

సదనములో ఏ మతమును బలవంతపరుపకూడదని నియమము. రమాబాయి దానికి కట్టుబడియుండెను. అయితే తన ప్రార్థనను దాచిపెట్టలేదు. పూనాకు మార్చిన తరువాత, ఉదయమున ఆమె తలుపు తెరచియుంచి మనోరమతో ప్రార్థించుచుండగా బాలికలు కొందరు వచ్చి కూర్చుండసాగిరి. ఈ లోపల ఆమె అంతరంగములో ఒక మార్పు జరిగెను. క్రైస్తవ మతమును కనుగొంటిని గాని ఆ మతమునకు ప్రాణమైన క్రీస్తును కనుగొనలేదను వేదన బాప్తిస్మము పొందిన ఎనిమిదేండ్లకు ఆమెను పట్టుకొనెను. విలియం హాస్లమ్ అను ఆంగ్ల సువార్తికుని జీవితకథ చదివినప్పుడు ఆ వేదన తీవ్రమాయెను. చదువుచేత రక్షణ సంపాదింపబడదు, మంచి పనులచేతనైనను సంపాదింపబడదు, అది వరమని ఒప్పుకొనుట అంతటి పండితకు సులభము కాదు. ఒప్పుకొన్న తరువాత ఆమెకు కలిగిన శాంతి తిరిగి చెదరలేదు.

1893లో తుపాను లేచెను. బాలికలను క్రైస్తవులను చేయుచున్నదని కేసరి పత్రిక ఘాటుగా వ్రాసెను. సలహా సంఘములోనుండి రానడే, భండార్కరు వంటి పెద్దలు తొలగిపోయిరి. ఇరువదిమందికి పైగా బాలికలను బంధువులు తీసికొనిపోయిరి. ఆమెకు ఎంతో సాయపడిన ఆ పెద్దల బాధలోను నిజాయితీ యున్నదని ఒప్పుకొనవలెను. తలుపు తెరచియుంచుట వారికి ఆహ్వానముగా తోచెను, ఆమెకు అది దాపరికము లేకపోవుటగా తోచెను. ఇరుపక్షములు తిరిగి కలిసికొనలేదు.

బోస్టనువారి పదేండ్ల గడువు 1898తో తీరునని ఆమెకు తెలియును. ఎల్లకాలము అన్యుల చందాపై నిలుచుట ఆమెకు ఇష్టము లేదు. అందుచేత పూనాకు సుమారు నలువది మైళ్ల దూరమున కేడ్‌గావ్ వద్ద నూరు ఎకరముల భూమిని కొని, బావులు త్రవ్వించి, నారింజ, నిమ్మ, మామిడి చెట్లు నాటించెను. పండ్ల రాబడితో పాఠశాల నడుపవలెనని ఆమె లెక్క. కాని ఆ భూమి మరియొక పనికి పిలువబడెను.

1896లో మధ్య రాష్ట్రములలో కరవు వచ్చెను. ఆ వార్తలు చదివినప్పుడు ఆమెకు తిరుపతి అడవి జ్ఞాపకము రాకపోవునా? చేతిలో సొమ్ము లేకున్నను బయలుదేరెను. సహాయ శిబిరములలో ఎండిపోయిన బాలికలను, వారిని కొనిపోవుటకు పొంచియున్న దుర్మార్గులను చూచెను. దాదాపు మూడువందలమంది స్త్రీలను, బాలికలను తీసికొనివచ్చెను. పూనాలో ప్లేగు వ్యాపించియుండుటచేత వారిని పట్టణములో ఉంచుటకు అనుమతి దొరకలేదు. కేడ్‌గావ్ పొలములోనే డేరాలు, పాకలు వేయబడెను. అట్లు ఏర్పడినదే ముక్తి. 1900లో గుజరాతు కరవు వచ్చినప్పుడు ఆమె తాను వెళ్లక, తాను తర్ఫీదు చేసిన స్త్రీలను పంపెను. మూడేండ్ల క్రిందట తామే శిబిరములలో పడియున్నవారు ఇప్పుడు ఇతరులను ఎత్తుకొని వచ్చుచున్నారు. ఆ సంవత్సరాంతమునకు ముక్తిలో రెండు వేలకు దగ్గరగా జనము చేరిరి.

ఇంతమందిని కూర్చుండబెట్టి పోషించుట ఆమె ఉద్దేశము కాదు. అక్కడ నేతపని, కుట్టుపని, నూనె తీయుట, పాడి, వ్యవసాయము, వంట, అచ్చుపని అన్నియు స్త్రీలే నేర్చి చేయుచుండిరి. మోసపోయి వచ్చినవారికి కృపా సదనము ప్రత్యేకముగా ఏర్పరచబడెను. ఫుల్హాములో చూచినదానికి అది ఫలము. గ్రుడ్డివారికి మనోరమ బ్రెయిలీ అక్షరములు నేర్పెను. గ్రుడ్డి బాలికలు బుట్టలల్లిరి, చదివిరి, మరికొందరు గ్రుడ్డివారికి చదువు చెప్పిరి. ఒక బాలిక నేర్చుకొన్నది ఇంకొకరికి నేర్పు వరకు ఆమె విద్య పూర్తికాలేదని ముక్తిలో ఎంచుచుండిరి. 1905లో వేల్సు దేశపు ఉజ్జీవ వార్తలు విని వందలకొలది స్త్రీలు ప్రతిదినము కూడి ప్రార్థింపగా, జూన్ నెలాఖరున అక్కడ గొప్ప ఉజ్జీవము కలిగెను. పిమ్మట గుంపులు గుంపులుగా స్త్రీలు చుట్టుప్రక్కల గ్రామములకు సువార్త చెప్పుటకు బయలుదేరిరి.

ఇక ఆమె చివరి చదువు. అప్పటి మరాఠీ బైబిలు పండితుల భాషలో యున్నదని, పొలము పని చేయు స్త్రీకి అది అర్థము కాదని ఆమె గమనించెను. మూలములోనుండి తేటమాటలలో తర్జుమా చేయవలెనని సంకల్పించెను. అందుకొరకు నలువది అయిదేండ్లు దాటిన తరువాత హెబ్రీ, గ్రీకు భాషలు నేర్వ మొదలిడెను. వేలమంది పోషణ, లెక్కలు, ఉత్తరములు, రోగులు, తగవులు ఒకవైపు, నిఘంటువులు మరియొకవైపు. చెవుడు ముదిరిన కొలది ఆమెకు బయటి చప్పుడు తగ్గి, పుస్తకముల మీద మనస్సు నిలుచుట సులభమైయుండవచ్చును. ఇందులో ఒక విశేషమున్నది. సంస్కృతము ఆమెకు ఊపిరి. ఆ భాషవలననే ఆమెకు బిరుదములు వచ్చినవి. అట్టి ఆమె తన తర్జుమాలో సంస్కృత పదములను ఏరి ఏరి తీసివేయుచు, బావి యొద్ద స్త్రీలు మాటలాడు మాటల కొరకు వెదకెను. నేర్చుకొన్నదానిని చూపుటకంటె దాచుట పండితులకు కష్టము. ఆమె ఆ కష్టమును పదునెనిమిది సంవత్సరములు దాదాపుగా భరించెను. క్రొత్త నిబంధన ముందుగా వెలువడెను.

మనోరమ నిజాము రాజ్యములోని గుల్బర్గాలో బాలికల పాఠశాల ఆరంభించెను. రాయచూరులో రమాబాయి తల్లిని మోసికొనిపోయిన రాజ్యమునకే ఆమె మనుమరాలు చదువు మోసికొనివచ్చినది. తన తరువాత ముక్తిని నడుపునది మనోరమయేనని తల్లి నమ్మియుండెను. 1919లో ప్రభుత్వము రమాబాయికి కైసరే హింద్ పతకము నిచ్చెను. ఆమె దానిని గూర్చి అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. 1921 జూలై 24వ తేదీన మనోరమ నలువదేండ్ల వయస్సున మరణించెను. కుటుంబములో ప్రతివారిని పాతిపెట్టిన రమాబాయికి మిగిలిన ఒక్కరును పోయిరి.

ఆమె దుఃఖమును బయటపెట్టక తర్జుమా ముందు కూర్చుండెను. పాత నిబంధన ప్రూఫులు ఇంకను దిద్దవలసియుండెను. శరీరము బలహీనమాయెను, శ్వాస కష్టమాయెను. పని పూర్తియగు వరకు ఆయుష్షు నిమ్మని ప్రార్థించెనని దగ్గరనున్నవారు చెప్పిరి. చివరి పుటలు దిద్దుట ముగిసిన కొలది కాలమునకే, 1922 ఏప్రిల్ 5వ తేదీన తెల్లవారకమునుపు ఆమె నిద్రలోనే ప్రభువునందు విశ్రమించెను. అరువది నాలుగేండ్లు నిండుటకు పదునెనిమిది దినములు తక్కువ. తెల్లచీర కట్టిన ఆ చిన్న దేహమును ముక్తి స్త్రీలే మోసిరి.

ఆమె తర్జుమా చేసిన సంపూర్ణ బైబిలు 1924లో ముక్తి ముద్రణాలయమునుండి వెలువడెను. దాని అక్షరములను కూర్చినవారును, కాగితములను అచ్చుయంత్రమునకు అందించినవారును, పుటలను మడిచి కుట్టినవారును చాలవరకు ఆ ఆవరణములోనే మొదటిసారి అక్షరము దిద్దిన స్త్రీలు.